ఊసరవెల్లి గూటి నీళ్ళు

పొద్దున్నే పనికి బయల్దేరే ముందు, మళ్ళీ సాయంత్రం రాగానే అక్క ఊసరవెల్లి గూట్లో నీళ్ళు చిమ్మేది. నడుమెత్తు గూడు, నాలుగు వైపులా వల, మధ్యలో కుండీలో ఒక మొక్క, అడ్డంగా రెండు కొమ్మలు. ఊసరవెల్లి గిన్నెలో పోసిన నీళ్ళు ముట్టదు. ఆకుల మీద నిలిచిన చుక్కల్నే నాలుకతో అందుకుంటుంది. అందుకని చిమ్మడం తప్పదు. అది తాగేది చెంచాడు, మిగతాదంతా అడుక్కి చేరేది.

ఆ గూడు చెల్లెలి మంచం పక్కనే ఉండేది. చెల్లెలికి ఎనిమిదో నెలలో ఆడపిల్ల పుట్టింది. పుట్టేసరికే ఊపిరి లేదు. ఆసుపత్రి నుంచి అక్క తన ఇంటికి తీసుకొచ్చిన నాటి నుంచి ఆమెకి ఉలుకూ లేదు, పలుకూ లేదు. భర్త మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేవాడు. తర్వాత రెండు వారాలకోసారి. తర్వాత ఫోను. చివరికి ఫోనుకి కూడా తీరిక లేకపోయింది.

ఊసరవెల్లిని ఇచ్చింది అక్క పనిచేసే నీళ్ళ మోటార్ల రిపేరు షాపు యజమాని. "మా అమ్మ పోయినప్పుడు మా నాన్నకి ఇదే పనికొచ్చిందమ్మా. పక్కన పెట్టండి, దుఃఖాన్ని లాగేస్తుంది. రోజుకి రెండుసార్లు కడగడం మాత్రం మరవద్దు" అన్నాడు, మోకాళ్ళ నొప్పికి రాసుకునే మందు సంగతి చెప్పినట్టు.

చెప్పినట్టే పనిచేసింది. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంటే ఊసరవెల్లి మెల్లిగా పచ్చదనం వదిలి బూడిదరంగుకి తిరిగేది. గంటకల్లా తడిసిన సిమెంటులా అయ్యేది. అప్పుడు చెల్లెలు లేచి కూర్చుని రెండు ముద్దలు తినేది. అక్క నీళ్ళు చిమ్మగానే ఆ బూడిదరంగు కరిగి, కొమ్మల మీదుగా జారి, కిందకి పోయేది. ఊసరవెల్లి మళ్ళీ పచ్చబడేది.

వచ్చిన చిక్కల్లా ఆ నీళ్ళతోనే. పోవడానికి దారిలేక అడుగున నిలిచిపోయేవి. మట్టి పులిసి కంపు కొట్టింది. సన్నపురుగులు ముసిరాయి. మొక్క ఆ నీళ్ళనే పీల్చుకుని ఆకులు బూడిదబారాయి. ఆ ఆకుల మీది చుక్కల్నే ఊసరవెల్లి తాగింది. దించిన దుఃఖం చుట్టు తిరిగి మళ్ళీ మంచం మీదికే వచ్చింది. పైగా తేమకి ఊసరవెల్లి పాదాలు పుళ్ళు పడి, అది ఒక కాలు ఎత్తిపెట్టుకునే కూర్చునేది.

అక్క ముందు అడుగున గులకరాళ్ళు పరిచి చూసింది. నీళ్ళు కనపడకుండా పోయాయే తప్ప పోలేదు. దాంతో ఒక ఆదివారం షాపు నుంచి డ్రిల్లు తెచ్చి, గూడంతా ఖాళీ చేసి, అడుగుపలకకి వరసగా రంధ్రాలు వేసింది. మేతకి వేసిన మిడతలు పారిపోకుండా వాటి మీద సన్నజాలీ బిగించింది. కింద ప్లాస్టిక్ ట్రే, ట్రే మూలకి పైపు, ఆ పైపు బాల్కనీలోని తూము దాకా. కుండీలో కొత్త మట్టి పోసి ఇటుకల మీదికి ఎత్తింది. వెనకవైపు చెక్కముక్క దూర్చి వాలు పెట్టి, చెంబుడు నీళ్ళు పోసి చూస్తోంది.

"వాలు చాలదక్కా" అంది చెల్లెలు మంచం మీంచి.

మూడు నెలల్లో ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట అది. అక్క తల తిప్పకుండా ఇంకో చెక్కముక్క దూర్చింది. నీళ్ళు గలగలా దిగిపోయాయి.

బాల్కనీ తూము నుంచి కిందకి దిగే గొట్టం మలుపు దగ్గర పగిలి ఉంది. అక్క అది చూసింది. సరిగ్గా దాని కింద పెరట్లో, కింది వాటాలో ఉండే టైలరు వాళ్ళ నీళ్ళతొట్టి ఉన్న సంగతీ ఆమెకి తెలుసు. 'నాలుగు చుక్కలేగా' అనుకుంది. షాపులో పగిలిన గొట్టం కంటపడితే చేతిలో పని ఆపి అతికించే మనిషి ఆమె.

ఆ తర్వాత ఇంట్లో రోజులు తెరిపినపడ్డాయి. ఊసరవెల్లి పాదాలు మానాయి. చెల్లెలు తలదువ్వుకుంది, కూరలు తరిగింది. ఒక సాయంత్రం చేస్తున్న పని ఆపి, "అక్కా, పిల్ల ఎంత బరువుందో గుర్తు రావట్లేదు. జుట్టుందా దానికి?" అని అడిగింది.

"ఉందేమోలే. కత్తి చూసుకో, వేలు తెగుతుంది" అంది అక్క.

చెల్లెలు ఒక్క కన్నీటిచుక్కైనా రాల్చలేదు. అక్కకి అదే పదివేలు అనిపించింది.

నెల తిరక్కుండానే టైలరు మెట్లెక్కి వచ్చాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది, గడ్డం మాసి ఉంది. అతని భార్యకి ఏడో నెల. "అక్కా, ఒక్కసారి మా ఆవిడతో మాట్లాడతారా? నాలుగు రోజుల్నుంచి మెతుకు ముట్టట్లేదు. కడుపులో బిడ్డ పోయిందంటోంది. డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపించింది కూడా. అది మిషను చప్పుడంటోంది. పుట్టబోయే పిల్లకని కుట్టుకున్న బట్టలన్నీ కుట్లు విప్పేసింది. ఏదో పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది. మేం ఏ పేరూ అనుకోలేదక్కా!"

"ఏం పేరు?" గుమ్మం దగ్గర నుంచి చెల్లెలు అడిగింది.

అతను చెప్పాడు.

అది చెల్లెలు తన కూతురికి పెట్టుకున్న పేరు. ఆ పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు. భర్తకి చెప్పలేదు, అక్కకి చెప్పలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని లోపలున్న పిల్లకి మాత్రమే చెప్పింది. తనే మరిచిపోయింది కూడా.

అక్క అతని వెంట కిందకి వెళ్ళింది. పగిలిన మలుపు నుంచి చుక్కచుక్కగా బూడిద నీళ్ళు తొట్టిలో పడుతున్నాయి. కత్తిరించే ముందు కొత్త బట్టని నీళ్ళలో నానబెడతారు, తర్వాత కుంచించుకుపోకుండా. ఆ పని టైలరు భార్యది. రోజూ మోచేతుల దాకా ఆ నీళ్ళలోనే. ఆమె ఇప్పుడు గది మూల కూర్చుని, కడుపు వంక చూడకుండా, ఒక చిన్న చొక్కాకి దారం లాగుతోంది.

అక్క పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. నోరు విప్పితే చెల్లెలు మళ్ళీ మంచం పడుతుంది. విప్పకపోతే ఈమె ఏమవుతుందో కళ్ళెదురుగానే కనబడుతోంది. "డాక్టరమ్మ చెప్పినట్టు వినమ్మా, ఏం కాదు" అంది. అన్న మాటకి తనకే సిగ్గేసింది.

ఆ వెనకే మెట్ల మీద అడుగుల చప్పుడు. చెల్లెలు వాళ్ళందర్నీ దాటుకుని పెరట్లోకి నడిచి తొట్టి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"వద్దే! నా మాట విను!" అక్క భుజం పట్టుకు లాగింది.

"వదులక్కా. అది నాది."

రెండు చేతులూ భుజాల దాకా ముంచింది. బూడిదరంగు ఆమె చేతుల మీదుగా పైకి పాకింది. నీళ్ళు తేటపడి తొట్టి అడుగున నాచు కనిపించింది. ఆమె నోటి నుంచి వచ్చిన కేకకి పక్కింటి వాళ్ళు కూడా బయటికొచ్చారు. ఆసుపత్రిలో ఏడవాల్సిన ఏడుపంతా ఆ పెరట్లో ఏడ్చింది. బరువు గుర్తొచ్చింది. జుట్టు గుర్తొచ్చింది, తడిసి నుదుటికి అంటుకుని ఉంది.

లోపల టైలరు భార్య చేతిలో చొక్కా పక్కన పెట్టింది. "పిల్ల తన్నుతోంది, చూడండి" అని భర్త చెయ్యి లాక్కుంది. తర్వాత, "ఆకలేస్తోంది" అంది.

ఆ పూట చెల్లెల్ని పైకి తీసుకొచ్చేసరికి అక్క తలప్రాణం తోకకొచ్చింది. "ఊసరవెల్లి పక్కనే పడుకో. పైపు తీసేసి బకెట్టు పెడతాను. రోజూ ఎక్కడన్నా పారబోసి వస్తాను" అని బతిమాలింది.

"ఎక్కడ పోసినా కింద ఎవరో ఒకరుంటారు కదక్కా."

అక్క మంచం అంచున కూర్చుంది. "ఆ గొట్టం పగిలిందని నాకు తెలుసే" అంది. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు అక్క గొట్టం అతికించి, ఊసరవెల్లిని గూటితో సహా యజమానికి అప్పగించింది. అతను ట్రే బయటికి లాగి చూసి, "భలే కుదిర్చారమ్మా వాలు" అన్నాడు. అక్క వెంటనే పనిలో కూర్చుంది.

రెండు నెలలకి టైలరు భార్యకి కాన్పయింది. తల్లీ బిడ్డా క్షేమం. చెల్లెలు చూడ్డానికి వెళ్ళలేకపోయింది. రాత్రీ పగలూ ఆ బిడ్డ ఏడుపు నేలలోంచి వినిపిస్తుంటే చెవుల మీద దిండు పెట్టుకుని పడుకునేది. ఆమె తిండి మళ్ళీ తగ్గింది. అయినా ఒక ఉదయం తనంతట తనే చెప్పులేసుకుని, "శ్మశానం ఆఫీసుకి వెళ్ళాలి, తోడు రా" అంది.

గుమాస్తా లావుపాటి రిజిస్టరు తెరిచి వేలితో వెతికాడు. తేదీ ఉంది. బరువు ఉంది. పేరు రాయాల్సిన చోట గీత కొట్టి ఉంది. అక్కడ పేరు రాయమంది చెల్లెలు.

"అప్పుడే చెప్పుంటే సరిపోయేదిగా, ఇన్నాళ్ళకా?" అని విసుక్కుని, చెల్లెలి మొహం చూసి తగ్గాడు. పెన్ను తీశాడు. "సరే, చెప్పండి."

ఆమె చెప్పింది.

"వినపడలేదమ్మా. ఇంకోసారి."

చెల్లెలు గొంతు సవరించుకుని, ఈసారి వెనక వరసలో నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేలా చెప్పింది.