సీసా అడుగున మిగిలింది

చెంగల్రాయలు ఇంటి నుంచి తిరిగొచ్చే మందు సీసాలు కడగనక్కర లేనంత శుభ్రంగా ఉండేవి. మిగతా ఇళ్ల సీసాలా, అబ్బబ్బ! అడుగున జిగురు, మూతికి చీమలు, కొన్నింట్లో కిరసనాయిలు కంపు కూడా. ఆరోకియమేరి పెరట్లో కూర్చుని వాటిలో గుప్పెడు ఇసుక, బూడిద నీళ్లు పోసి జబ్బలు లాగేదాకా గిలకొట్టాలి. మొగుడు ఏసుదాసు గుడియాత్తం బజారులో మందులంగడి పెట్టినప్పటి నుంచీ ఈ చాకిరీ ఆమెదే. సీసాలు కడగడం ఆమె, నూరడం ఆమె, కొలవడం ఆమె, కలపడం ఆమె. పెరటికీ అంగడికీ మధ్య తడిక సందులోంచి సీసా అందుకుని రోగి చేతిలో పెట్టి "డాక్టరయ్య" అనిపించుకోవడం మాత్రం ఏసుదాసు.

పెళ్లికి ముందు ఆమె తొరపాడి నుంచి వేలూరుకు రోజూ నడిచి పోయి, దొరసానుల ఆసుపత్రిలో మందులు కలిపే పని నేర్చుకుంది. ఏది దేనితో పొసగదో, ఎంతవరకు మందో, ఎక్కడ దాటితే విషమో అక్కడ నేర్పారు. "సదువుకున్న పిల్ల, అంగడికి పనికొస్తాది" అని మామ ఏరికోరి తెచ్చుకున్నాడు. పనికి రాక ఎక్కడికి పోతుంది, జీతం అడగని మనిషి! కానీ కోడలి గొంతు తడిక దాటి బజారులో వినబడకూడదని అత్త మొదటి రోజే చెప్పేసింది. ఆదివారం గుళ్లో మాత్రం గట్టిగా పాడవచ్చునట.

ఆ రోజు చెంగల్రాయలు భార్య కుప్పమ్మ ఖాళీ సీసా తీసుకుని పెరటి దారిన వచ్చింది. మేరి సీసాను వెలుతురుకు పెట్టి చూసి నవ్వింది.

"మీ ఇంటి సీసా ఇంత తెల్లగా ఎట్టుంటాది కుప్పమ్మా?"

కుప్పమ్మ సిగ్గుపడింది. "అడుగున ఉండేదాంట్లో రోన్ని నీళ్లు పోసి నేను తాగేస్తానక్కా. ఆయన తాగి మిడిచింది పారబోస్తే మా అత్త ఊరుకోదు. బలం మందే కదా, నాకూ రోంత బలం రానీ."

మేరికి అందులో వింతేమీ తోచలేదు. తనూ మొగుడు తిని వదిలిన విస్తరిలోనే అన్నం పెట్టుకుంటోంది. తాతల నాడే ఏసు ప్రభువును నమ్ముకున్న ఇల్లు, దేవుడు మారాడు గానీ విస్తరి మారలేదు.

కుప్పమ్మ ఖాళీ సీసా ఇచ్చి వెళ్లిపోయింది. చెంగల్రాయలుకు నరాల బలానికి ఇచ్చే మందులో ముష్టిగింజల సారం ఉంటుంది. బొట్లలో ఇస్తే బలం, మించితే ప్రాణం తీస్తుంది. అతగాడికి ఈ మధ్య నిద్ర కూడా పట్టడం లేదట. ఏసుదాసు లోపలికొచ్చి, "ఏమ్మే, ఆ బలం మందులోనే నిద్ర ఉప్పు గూడా కలిపెయ్. రెండు సీసాలు తాగేదానికి ఆయనకు విసుగంట" అన్నాడు.

"ఆ రెండూ ఒక సీసాలో కలపకూడదండీ. ఆ ఉప్పు తగిల్తే ముష్టిసారం మెల్లగా పలుకులు కట్టి అడుక్కు దిగతాది. పైనంతా ఉత్త నీళ్లు, అడుగంతా విషం. ఆ ఇంట్లో అడుగు తాగేది కుప్పమ్మ."

"నువ్వు కలిపేదానివా, నాకు పాఠం చెప్పేదానివా?" అని తనే రెండూ పోసి బిరడా బిగించాడు.

"పోనీ, ప్రతిసారీ బాగా కలకబెట్టి తాగమని అన్నా చెప్పండి. అడుగు పారబొయ్యమనండి."

"చెప్తాలే."

చెప్పలేదు. సీసా కోసం చెంగల్రాయలు బజారు వైపు వచ్చినప్పుడు తడిక వెనక నిలబడి మేరి చెవులు రిక్కించి విన్నది. వానల గురించి మాట్లాడాడు, నెమిలి చెరువు నిండిందన్నాడు, చెనక్కాయల గురించి మాట్లాడాడు. మందు గురించి ఒక్క ముక్క లేదు. నోరు తెరిచి తడిక అవతలికి ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేక పళ్లు కొరుక్కుంది. కుప్పమ్మ మళ్లీ వచ్చేది సీసా ఖాళీ అయ్యాకే, తననేమో గుడికి తప్ప గడప దాటనివ్వరు. ఆ కోపం ఆ రోజు సీసాల మీద తీరింది, రెండు పగిలాయి. అందుకు అత్త చేత తిట్లు.

సీసా అయిపోయిన రోజు, పొద్దెక్కి అంగడి కిటకిటలాడుతుండగా చెంగల్రాయలు పరుగున వచ్చాడు.

"డాక్టరయ్యా, మా ఆడది విల్లు మాదిరి వంగిపోతాంది! తాకితే చాలు, కొయ్యబారి ఎగిరి పడతాంది. పూనకమని పంబ వాయిస్తాండారు, తగ్గే మాదిరి లేదు."

"జన్ని ఈడ్పులవి," అన్నాడు ఏసుదాసు తడుముకోకుండా. "చల్లని నీళ్లు కొట్టండి, పోతాది."

తడిక వెనక మేరి ఆ మాట విన్నది. జన్ని కాదు. తాకితే బిగుసుకునేది, చప్పుడుకు బిగుసుకునేది ఏమిటో ఆమెకు తెలుసు, మొగుడికీ తెలుసు. తడిక పక్కకు లాగి బజారు ఎదుటికి వచ్చేసింది.

"అన్నా, మందు సీసా యాడ?"

చెంగల్రాయలు తెల్లబోయాడు. "అయిపోయిందిమా. అడుగుది పొద్దున్నే మా ఆడదే తాగింది."

ఏసుదాసు ఆమెను లోపలికి లాగాడు. గొంతు తగ్గించి, "మనమిచ్చిన మందే అని ఊరికి తెలిస్తే అంగడి మూసుకోవాల్సిందే. నోరు మూసుకోని కూర్చో" అన్నాడు.

"మత్తుమందుల బీరువా తాళంచెవి ఇయ్యండి. లేదంటే ఇక్కడే నిలబడి అందరి ముందర చెప్తాను."

మొలతాడు నుంచి విప్పి ఇచ్చాడు. ప్రేమతో కాదు, భయంతో. ఏదైతేనేం, తాళంచెవి చేతికొచ్చింది.

మత్తుమందులు తీసుకుని చెంగల్రాయలు ఇంటికి పరుగెత్తింది. అక్కడ వేపమండలతో కొట్టేవాళ్లు, పంబ వాయించేవాళ్లు, నోరు తెరిపించి నీళ్లు పోయాలని చూస్తున్న కుప్పమ్మ అత్త. పంబ మోగినప్పుడల్లా కుప్పమ్మ మడమలూ తలా తప్ప ఒళ్లంతా నేల మీంచి లేచిపోతోంది. కళ్లు మాత్రం అందరినీ చూస్తూనే ఉన్నాయి. దీంట్లో స్పృహ పోదు, అదే దీని దుర్మార్గం.

"అందరూ బయటికి పోండి! ఒక్క చప్పుడు గూడా వద్దు. నోట్లో ఏమీ పొయ్యొద్దత్తా, దవడలు బిగిసుండాయి, పోస్తే ఊపిరిగొట్టంలోకి పోతాది."

తలుపులు మూసింది. పొయ్యిలో నిప్పు ఆర్పించింది, మంట దగ్గర క్లోరోఫారం తెరవకూడదు. మడత పెట్టిన గుడ్డ మీద బొట్టు బొట్టుగా వేస్తూ ముక్కుకు కాస్త ఎడంగా పట్టుకుంది. ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది, తక్కువైతే బిగువు వదలదు. ఒక చెయ్యి నాడి మీద, చూపు రొమ్ము మీద. ఒళ్లు సడలింది. అప్పుడు నిద్రమందును నీళ్లలో కరిగించి, సన్నటి రబ్బరు గొట్టంతో కింది దారిన ఎక్కించింది. మళ్లీ బిగుసుకుంది, మళ్లీ గుడ్డ పట్టింది. ఇలా ఎన్నిసార్లో. పెదవులు నీలంగా మారినప్పుడు మేరికి ఏడుపు ముంచుకొచ్చింది. "పోవద్దే కుప్పమ్మా, నీకేం ఖర్మ, ఆయన మందు తాగి నువ్వు పోయేదేంది" అని లోలోపలే తిట్టింది, చప్పుడు చేయకూడదు కదా.

ఎండ వాలేసరికి ఈడ్పులు ఆగాయి. కుప్పమ్మ పెదవులు కదిపింది. మేరి చెవి దగ్గర పెట్టింది.

"ఆయన సాపాటు తిన్నాడా అక్కా?"

ఛీ, అనిపించింది మేరికి. కుప్పమ్మ మీద కాదు.

బయటికి వచ్చి చెంగల్రాయలు ముందు నిలబడింది. అంగడి పోతే పోనీ, ఇల్లు వెళ్లగొడితే వెళ్లగొట్టనీ అనుకుంది. "అన్నా, అది పూనకం కాదు, జన్నీ కాదు. మా అంగడి మందే. కలపకూడనివి కలిపినాము, విషం అడుక్కు దిగింది. మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు మాది."

చెంగల్రాయలు భుజం మీది కండువా దులుపుకున్నాడు. 

"మందు మంచిదేమా. నాకు బాగా నిద్ర పట్టింది. ఆడది తాగితే మందుదేం తప్పు? అదే సీసా ఇంకొకటి కట్టియ్యమను."

కోప్పడతాడనుకుంది. కొడతాడనుకుంది. ఊరంతా వచ్చి అంగడి మీద పడుతుందనుకుంది. ఇంత భయపడింది దేనికి? ఒక ఆడది చావబోయినందుకు ఈ ఊళ్లో ఎవరికీ కోపం రాదని ఆమెకు తోచనే లేదు. ఇంటికి వచ్చేసరికి ఏసుదాసు ముఖం విప్పారి ఉంది. "చూసినావా, ఏమీ కాలేదు. ఊరికే గలాటా చేసినావు" అన్నాడు. మేరి, అత్త ముందుకు జరిపిన మొగుడి విస్తరిని మడిచి అవతల పడేసి, ఇంకొక ఆకు కడుక్కుని తెచ్చుకుంది.

తర్వాతి వారం కుప్పమ్మ గోడ పట్టుకుని నడుస్తూ పెరటి దారిన వచ్చింది. మేరి ఆమెను చెయ్యి పట్టుకుని బజారు వైపు నుంచి, అందరూ చూస్తుండగా, అంగడిలోకి తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. చెంగల్రాయలుకు బలం మందు, నిద్ర ఉప్పు వేరువేరుగా రెండు సీసాలు కట్టింది, రెండూ కలపకూడదని, అడుగు ఎవరూ తాగకూడదని బజారంతా వినబడేలా గట్టిగా చెప్పింది. ఆ పక్కన మూడో సీసా పెట్టింది, ముష్టిసారం లేని బలం మందు.

ఏసుదాసు మొలతాడు తడుముకుంటున్నాడు. "ఏమ్మే, బీరువా తాళంచెవి యాడ?"

"నా కాడుండాది. ఇంక నా కాడే ఉంటాది," అంది అతని వైపు తిరక్కుండానే.

కుప్పమ్మ మూడో సీసా చూసి అడిగింది, "ఇది ఎవరికక్కా? ఆయన తాగినంక నేను తాగేదా?"

మేరి బిరడా తీసి, కొలత గ్లాసులో పోసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది నీది. మొదటి గుక్క నువ్వే తాగాల. తాగు, నేను చూస్తా."