మూయని డిస్కు

వీడియోలు డిస్కులకెక్కించే మా కొట్టు అద్దాలు పొద్దున్నే పగిలాయి. రాళ్ళు వేసింది ఏటి అవతలి తెగవాళ్ళు. వాళ్ళ తెగపెద్ద రూక్ కొడుకు పారువ మూడు రోజుల క్రితం హాగెన్ పట్నం పోయే రోడ్డు మీద తల పగిలి చచ్చిపోయాడు. మా తమ్ముడు నికింట్ గొడ్డలితో కొట్టి చంపాడని వాళ్ళ ఆరోపణ. లారీలో ఉన్న ఒకాయన ఫోనులో తీసిన వీడియోలో నిజం ఉంది. పారువ తప్పతాగి తనంతట తనే పడ్డాడు. మా వాడు పట్టుకోబోతే చొక్కా ముక్క చేతిలో మిగిలింది.

ఆయన ఫోను అడిగి తెచ్చి చూపిస్తే రూక్ ఒప్పుకోలేదు.

“అరచేతిలో ఆడే బొమ్మని చూసి నా కొడుకు నెత్తురు మర్చిపోమంటావా పిల్లా? మధ్యాహ్నానికి మైదానంలో టీవీలో వెయ్యి, అందరూ చూస్తారు. వెయ్యలేకపోయావో, నీ తమ్ముడి తల నాది.”

పోతూ పోతూ ఒకడు ఫోనును మడమతో తొక్కాడు. లోపలి మెమరీ చిప్పు మాత్రం బతికింది. నికింట్‌ని తాడుతో కట్టి ఈడ్చుకుపోయారు. మా మగాళ్ళు విల్లులు తీసుకుని కొండ మీద చేరారు. వీడియో ఉంది కదా, తొందరపడొద్దని నేనే ఆపాను.

మైదానంలో ఉన్నది పాత డీవీడీ ప్లేయరు. డిస్కు తప్ప ఇంకేదీ తినదు. చిప్పులోని ఫైలును మొదట కంప్యూటరు ఒప్పుకోలేదు. డీవీడీకి పనికొచ్చే రకంలోకి మార్చాను. మొదటి డిస్కు రాస్తుంటే డెబ్భై శాతం దగ్గర చచ్చింది. రెండోదీ అక్కడే చచ్చింది. బల్బు మిణుకుమనడం చూశాక తెలిసింది, పక్క కొట్లో వెల్డింగు నడుస్తూ కరెంటు లాగేస్తోంది. వెళ్ళి ఆ వెల్డింగు పుంట్ గాడి చెంప పగలగొట్టి వైరు పీకేశాను.

“కొట్టడమెందుకే పెనా? నోటితో చెప్పొచ్చుగా!”

“నోటికి తీరిక లేదు.”

వేగం బాగా తగ్గించి మూడోది రాశాను. వంద దాటింది. కంప్యూటర్లో వేసి చూస్తే చక్కగా ఆడింది. ఏడుపొచ్చింది.

మైదానంలో ప్లేయరు దాన్ని మింగి, గరగరమని, డిస్కు లేదంది. రవిక అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాను. లేదంది. అప్పుడు తట్టింది. మా ఊళ్ళో డిస్కును ఎవరూ మూయరు, మూస్తే ఇక దాని మీద ఏదీ ఎక్కదు. ఇంటికొక్కటే డిస్కు. పెళ్ళికీ పందుల పండగకీ దాన్నే తెచ్చి, మిగిలిన చోట్లో ఎక్కించుకుపోతారు. అందుకే రాయడం అయ్యాక “మూయనా?” అని కంప్యూటరు అడిగితే నా వేలు “వద్దు” మీదికే పోతుంది. పదేళ్ళ అలవాటు. మూయని డిస్కును కంప్యూటరు చదువుతుంది, ఈ ముసలి ప్లేయరు చదవదు.

“తాతా, పావుగంట ఇవ్వు. డిస్కు మూయడం మర్చిపోయాను.”

“మూయడమేంటే, అదేమన్నా కూర కుండా?” అన్నాడు రూక్. జనం గొల్లున నవ్వారు.

“అక్కా, నువ్వు పరిగెత్తు” అన్నాడు నికింట్. మూతి చిట్లి నెత్తురు కారుతోంది. “నేనెక్కడికి పోతాలే, కట్టేశారుగా.”

కొట్టుకి పరిగెత్తాను. వెనక నుంచి రాయి భుజానికి తగిలింది. మూయడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలూ దాన్ని తిడుతూనే ఉన్నాను.

పావుగంట లోపే తిరిగొచ్చాను. గొడ్డలి నికింట్ మెడలో సగం దాకా దిగి ఉంది. రూక్ చిన్నకొడుకు పక్కనే నిలబడి అరచేతులు గడ్డికి తుడుచుకుంటున్నాడు. మా వాడి చేతులకు తాడు అలాగే ఉంది.

డిస్కు పెట్టాను. ఎవరూ ఆపలేదు. ఆడింది. పారువ ఊగాడు, పడ్డాడు. మా నికింట్ పట్టుకోబోయి దూకాడు. చొక్కా చిరిగిన చప్పుడు కూడా వినిపించింది.

“ఇంకోసారి వెయ్యి” అన్నాడు రూక్. వేశాను. చూసి లేచి, చేతికర్రతో చిన్నకొడుకును మోకాలు విరిగేదాకా కొట్టాడు. వాడు కుక్కలా అరిచాడు. నాకు జాలి కలగలేదు.

అప్పుడు కొండ మీంచి కేకలు వినిపించాయి. మా వాళ్ళకు కబురందింది. మొదటి బాణం టీవీ అద్దంలో దిగింది. రూక్ వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు.

“నీ మాటంటే వింటారమ్మా. పావుగంట ఆగమను. ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఏరు దాటిస్తాను.”

నేను కొండ వైపు చెయ్యెత్తలేదు, డిస్కు తీసి భుజాన ఉన్న వల సంచిలో వేసుకున్నాను.