బలం వద్దన్న నేల

ఆస్పత్రి క్యాంటీన్‌లో జీవితమంతా వంట చేసి రిటైరైన ఆ పెద్దాయనకు, ఎదుటివాళ్ళు కడుపు మాడ్చుకుంటే చూస్తూ ఊరుకోవడం చేతకాదు. కోడలు పనికి బయల్దేరుతుంటే డబ్బా సర్ది, వద్దన్నకొద్దీ ఇంకో గరిటె వేసి, మూత పట్టకపోతే నొక్కి మరీ ఇచ్చేవాడు.

కోడలిది పచ్చికబయలు చూసుకునే ఉద్యోగం. ఊరి చివర, పాత సున్నపురాయి గని పక్కన ఏటవాలుగా ఉంటుంది ఆ బయలు. మట్టి పైపైనే, గోటితో గీరితే తెల్లటి సున్నం బయటపడుతుంది. చుట్టుపక్కల మరెక్కడా కనిపించని ఊదాపూల మొక్క ఒకటి అక్కడ బతుకుతోంది. దాన్ని కాపాడటమే ఆమె పని.

ఓ సెలవునాడు మామగారిని తీసుకెళ్ళి చూపించింది. బొటనవేలంత ఉన్న ఆ మొక్కను చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. తిండి లేక బక్కచిక్కిపోయిందనుకున్నాడు. పైకి మాత్రం ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఆమె శిక్షణకని పొరుగూరు వెళ్ళింది. ఇదే అదనని ఆయన ఇంట్లో మేకుకు తగిలించి ఉన్న బయలు గేటు తాళంచెవి తీసుకుని, మాగిన పశువుల ఎరువు తెప్పించి, ఆమె తిరిగొచ్చే రోజు పొద్దున్నే బయలు కింది మూలంతా తన చేత్తోనే చల్లాడు. భార్య మొక్కల జోలికి తానే వెళ్ళనని కొడుకు చెప్పిన మాట చెవినెక్కలేదు. నడుము పట్టేసింది గాని మనసు నిండింది.

ఆమె తిరిగొచ్చి చెప్పులైనా విప్పకముందే ఈ శుభవార్త చెప్పాడు. ఆమె ముఖం పాలిపోయింది. ఉన్నపళాన బయలు వైపు వెనుదిరిగింది. ఆయన ఆయాసపడుతూ వెంట నడిచాడు.

ఆమె వంగి ఓ మొక్క మీది ఎరువు వేళ్ళతో పక్కకు తీసింది. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడాయన.

"మామయ్యా, ఈ మొక్కకి పస్తే రక్ష. నేలకి బలమొస్తే ముందు గడ్డి ఏపుగా లేస్తుంది. ఆ నీడలో ఇది చచ్చిపోతుంది."

"ముందే చెప్పొచ్చుగా తల్లీ."

"మీరింత పని చేస్తారని కలగన్నానా?"

కోపం నిలబెట్టుకోవాలని చూసింది గాని, ఆయన గడ్డానికంటిన ఎరువు చూసి నవ్వాగలేదు. అదృష్టం కొద్దీ వాన పడలేదు. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ, మొక్కలు కదలకుండా చీపుళ్ళతో ఎరువు ఊడ్చి బుట్టలకెత్తారు. చాలావరకు వచ్చింది, అంతా రాలేదు. తప్పు తనదేనని ఆయనే వెళ్ళి ఆమె పై ఆఫీసరుతో చెప్పాడు. అంత ఓపికుంటే గడ్డి కోతకు రమ్మన్నాడు ఆ ఆఫీసరు.

పూలు వాడి, విత్తనాలు రాలాక కోత మొదలైంది. కోసిన గడ్డి అక్కడే కుళ్ళనిస్తే నేలకు మంచిదని ఆయన నసిగాడు. అదీ ఎరువేనని ఆమె వారించింది. మనసొప్పకపోయినా గడ్డంతా మోసి, గొర్రెలవాళ్ళ బండికెక్కించాడు.

మళ్ళీ పూల కాలం వచ్చింది. పై వాలంతా ఊదారంగు. కింది మూలలో మాత్రం మోకాలెత్తు గడ్డి. ఒక్క పువ్వూ లేదు. ఆయన తల దించుకున్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏటా కోసి బయటికి మోస్తే నేల మెల్లగా మళ్ళీ బక్కచిక్కుతుంది మామయ్యా. కొన్నేళ్ళు పడుతుందంతే."

"అన్నేళ్ళు కొయ్యగలనా నేను?"

"కొయ్యకపోతే నేనూరుకుంటానా?"

ఆయన కొడవలి తీసుకుని గడ్డి ముందు చతికిలబడ్డాడు. కోసింది కోసినట్టు బుట్టకెత్తుతూ ఆమె పక్కనే కూర్చుంది.