రిహార్సల్ వేళకు ఇంట్లో ఎవరుండాలి?

సాయంత్రమయ్యేసరికి ఆ ఇంటి చిన్నకోడలు అద్దం ముందు నిలబడి జుట్టు ముడివేసుకునేది. చేతిసంచిలో నాటకం కాగితాలు, నీళ్ళ సీసా పెట్టుకుని, "అక్కా, వెళ్ళొస్తా" అనేది. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న పెద్దకోడలు తలెత్తకుండానే "ఊఁ" అనేది. ఆ "ఊఁ"లో ఎంత మంట ఉందో మిషనుకే తెలుసు. తోడికోడలు మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా అది ఇల్లు అదిరిపోయేలా తిరిగేది.

పాఠకులు తొందరపడి ఆమెను చెడ్డమనిషి అనుకోకూడదు. మామగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. పొద్దున ఆయనకు ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, సాయంత్రం జావ తాగించడం పెద్దకోడలి వంతు. మధ్యాహ్నమంతా చిన్నకోడలి వంతు. ఒంటిపూట బడిలో పాఠాలు చెప్పి వచ్చి, చెప్పులు విడవగానే ఆమె మామగారి గదిలోకే వెళ్ళేది. ఆ గంటల్లోనే పెద్దకోడలి కుట్టుపని సాగేది. కానీ కడుపుమంటకు మధ్యాహ్నాలు కనబడవు. దానికి కనబడేది సాయంత్రం ఊగుతూ పోయే ఆ చేతిసంచి ఒక్కటే.

పైగా నెల కిందట చిన్నకోడలి తల్లి పోయింది. కొన్నాళ్ళు ఆమె రిహార్సల్‌కు వెళ్ళలేదు. తర్వాత ఒక సాయంత్రం మళ్ళీ జుట్టు ముడివేసుకుంది.

"తల్లి పోయి ఇంకా కన్నీళ్ళే ఆరలేదు, అప్పుడే వేషాలా?" అంది పెద్దకోడలు భర్తతో.

"వాళ్ళ గొడవ మనకెందుకే" అన్నాడాయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఇరుగుపొరుగు చిన్నకోడలిని చూసి "పాపం, ఎంత దుఃఖాన్ని దిగమింగుకుని తిరుగుతోందో" అనేవారు. ఆ "పాపం" అనే మాట కూడా పెద్దకోడలికి గుచ్చుకునేది. నడుం విరిగేలా మిషను తొక్కే తనను ఏ ఒక్కరైనా అలా అన్నారా? చివరికి దుఃఖంలో కూడా ఆవిడగారిదే పైచేయి.

ఒకరోజు కుట్టిన బట్టలు ఇచ్చి వస్తూ, రిహార్సల్ జరిగే హాలు ముందు ఆమె ఆగింది. మూతపడిన ప్రెస్సు పై అంతస్తు అది. లోపల బల్లలు గోడకు జరిపి, నేలమీద సుద్దముక్కతో గుమ్మం, మంచం గీసుకున్నారు. చిన్నకోడలు ఆ గీతల మధ్య నిలబడి, లేని కొడుకును కేకలేస్తోంది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నాటకం వేయిస్తున్న మాస్టారు చేతిలో టీ చల్లారిపోతున్నా తాగడం మరిచిపోయాడు. మాట పూర్తవగానే హాలంతా చప్పట్లు. చిన్నకోడలు నవ్వింది. ఇంట్లో ఎన్నడూ నవ్వనంత హాయిగా నవ్వింది.

పెద్దకోడలికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. తన జీవితంలో తనవైపు అలా కళ్ళప్పగించి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

మర్నాడు సాయంత్రం ఆమె మంచం ఎక్కింది. "నడుం పట్టేసింది, లేవలేను" అంది. మరునాడూ అదే మాట. ప్రదర్శన దగ్గరపడిందని ఆమెకు తెలుసు. తెలిసే పడుకుంది.

చిన్నకోడలు సంచి తిరిగి మేకుకు తగిలించి, అక్క నడుముకు కాపడం పెట్టి, మామగారి గదిలోకి వెళ్ళి జావ తాగించసాగింది. కాసేపటికి ఫోను మోగింది. పక్కగదిలో పడుకున్న పెద్దకోడలు చెవులు రిక్కించింది.

"మాస్టారూ, ఇవాళ కూడా రాలేనండీ. ఆ వేషం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. అక్కకి ఒంట్లో బాగాలేదు. మావయ్యగార్ని చూసుకోడానికి ఇంట్లో మనిషి లేరు."

పెద్దకోడలు గెలిచింది. పొంగిపోవలసిన ఆ క్షణంలోనే ముందుగదిలోంచి టీవీలో ఆట చూస్తున్న ఇద్దరి కేరింత వినబడింది. ఒకరు తన భర్త, ఇంకొకరు మరిది. ఇద్దరూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఇంట్లో మనిషి లేరట. మరి ఆ కేక పెట్టినవాళ్ళెవరు? ఇన్నాళ్ళూ తాను కూడా ఆ ఇద్దర్నీ లెక్కలో వేసుకోలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

లేచి మామగారి గదిలోకి నడిచింది. చిన్నకోడలు ఆమె నడకను చూసింది. నడుం నిటారుగానే ఉంది.

"నాకేం నొప్పి లేదు. నువ్వు పోకూడదనే పడుకున్నా. నిన్ను చూస్తే నాకు కుళ్ళు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు చెంచా గిన్నెలో పెట్టింది. "నాకూ నిన్ను చూస్తే కుళ్ళే అక్కా."

"నన్ను చూసా? నా దగ్గర ఏముందని?"

"మీ అమ్మ కంటి ఆపరేషన్‌కి వెళ్ళి పక్కన కూర్చుని వచ్చావు. నువ్వక్కడ ఉన్నప్పుడే మా అమ్మకి బాగోలేదని ఫోనొచ్చింది. మావయ్యగారిని ఎవరికి అప్పజెప్పి వెళ్ళను? నువ్వు రాగానే వెళ్దామనుకున్నా. ఈలోపే పోయింది." ఆమె మామగారి మూతి తుడిచింది. "ఆ నాటకంలో నాది అమ్మ వేషం. ఆ మాటలన్నీ మా అమ్మ తిట్లలాగే ఉంటాయి. అక్కడున్నంతసేపూ అమ్మ నాతో ఉన్నట్టుంటుంది. అందుకే పోతున్నా."

పెద్దకోడలు మంచం అంచున కూర్చుంది. "నాకు కబురు చెయ్యొచ్చు కదే, పరుగెత్తుకుని వచ్చేదాన్ని."

"మీ అమ్మ దగ్గర్నుంచి నిన్ను లాక్కురావడానికి మనసొప్పలేదు."

మామగారు ఎడమచెయ్యి ఎత్తారు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, "నాకు... కొడుకులు... ఇద్దరున్నారు కదమ్మా" అన్నారు.

పెద్దకోడలు ముందుగదిలోకి వెళ్ళి టీవీ కట్టేసింది.

"ఏమైందే?" అన్నాడు భర్త.

"మీ నాన్నగారు జావ తాగాలి. ఆ తర్వాత పక్క మార్చాలి."

"అవన్నీ మాకేం చేతనవును?"

"మాకు మాత్రం పుట్టగానే వచ్చాయా? నా తోడికోడలు వాళ్ళమ్మ చివరిచూపు పోగొట్టుకుంది ఈ ఇంట్లో చెంచా పట్టుకునే చెయ్యి లేకనా, పట్టుకోమని అడిగే నోరు లేకనా?"

మరిది రిమోట్ పక్కన పెట్టాడు. అత్తగారు పోయిన రోజు భార్యను బస్సెక్కించి, ఓదార్పు మాటలు చెప్పి, తన బాధ్యత తీరిందనుకున్నవాడు అతను. ముందుగా లేచింది అతనే. వెనకాలే అన్న లేచాడు. తొలి చెంచాలన్నీ తండ్రి గడ్డం మీదే ఒలికాయి. పెద్దాయన కదిలే సగం మూతితోనే నవ్వారు.

చిన్నకోడలి వేషం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మర్నాడు రిహార్సల్‌కు తోడికోడళ్ళు ఇద్దరూ కలిసి వెళ్ళారు. చప్పట్లు మోగినప్పుడు పెద్దకోడలికి మళ్ళీ లోపల చిన్న మంట పుట్టింది. ఒక్కరోజులో ఆరే నిప్పు కాదది. కానీ ఈసారి ఆమె దాన్ని దాచుకోలేదు. మాస్టారి దగ్గరికి వెళ్ళి, "నాలాంటిదానికి పనికొచ్చే వేషం ఏదైనా ఉంటుందాండీ?" అని అడిగింది. వచ్చే నాటకానికి చూద్దామన్నాడాయన.

అయ్యా, అమ్మా! ఒకే కప్పు కింద ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికి దొరికే గంట తీరికను చూసి మరొకరు కుళ్ళుకుంటున్నారంటే, తప్పు వాళ్ళ మనసుల్లో వెతకకండి. ఆ గంటలో ఆ ఇంట్లో ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయో చూడండి.