క్లాసు బయటే

"ఆ గిన్నెలు కడిగేసి క్లాసుకి కూర్చోమ్మా. నీ డైవ్ నేను చేసేస్తాలే," అన్నాడు లీడరు, నా చేతిలో స్పాంజి ఉండగానే.

సముద్రం అడుగున ఈ ల్యాబులో ముగ్గురు మగవాళ్ళు, నేనూ ఉంటున్నాం. సింకు ఇక్కడా నా వాటాకే వచ్చింది. బడిపిల్లలకి వీడియోలో పాఠాలు కూడా. "పిల్లలతో మాట్లాడటం ఆడవాళ్ళకే కదా వచ్చేది," అని నవ్వుతూ అంటగట్టారు. పాఠం చెప్పడం నాకిష్టమే, ఒళ్ళు మండేది ఆ నవ్వుకి. ఈరోజు క్లాసు మా ఆయన హెడ్మాస్టరుగా ఉన్న బడికే. "నేను ఒప్పుకున్నాను కాబట్టి దిగింది," అని ఊరంతా చెప్పుకున్నాడు. "ఇల్లు తప్ప దానికి ఏదైనా ముద్దే," అంటుంది అత్తగారు.

కిందటేడు నేను నాటిన పగడాలు బతికాయో లేదో చూడటానికి ఇదే ఆఖరి డైవ్. రేపు పైకి వెళ్ళిపోతాం. లీడరు చూసొస్తే రిపోర్టు ఆయన పేరు మీదే వస్తుంది. ఇదివరకు నా రిపోర్టు ఒకటి అలాగే పోయింది.

గిన్నెలు సింకులోనే వదిలేశాను.

"క్లాసు నాదే కదా సార్. ఈరోజు బయటే చెప్తాను."

హెల్మెట్ బిగించుకుని నీళ్ళలోకి దిగాను. నాకు జోడీగా రావాల్సిన డైవరు లీడరు వంక ఓసారి చూసి, నా వెనకే దిగాడు. లీడరు అరవబోయేసరికి బడికి లైను కలిసింది. క్లాసు జరుగుతుండగా ఆ లైన్లో ల్యాబు వైపు నుంచి ఇంకెవరూ నోరెత్తకూడదని రూలు పెట్టింది ఆయనే. గాజుకిటికీ వెనక ఆయన పెదాలు ఊరికే కదులుతున్నాయి.

పగడాలు బతికాయి! కొత్త కొమ్మలు కూడా వేశాయి. చేతిలోని కెమెరా వాటికి దగ్గరగా పెట్టి, "ఇవి నేను నాటినవి," అన్నాను. అంత గట్టిగా ఆ మాట ఎన్నడూ అనలేదు. హెల్మెట్లో కళ్ళు తుడుచుకునే వీల్లేక అలాగే ఏడ్చాను.

హెల్మెట్ స్పీకర్లో మా ఆయన గొంతు వినిపించింది. "చూశారా పిల్లలూ, మా ఆవిడ! నేనే పంపించాను. ఎవరైనా ఏమైనా అడుగుతారా?"

ఒక పాప అడిగింది. "మేడమ్, అక్కడ మీకు భయం వెయ్యట్లేదా?"

కిటికీలోంచి లీడరు లోపలికి రమ్మని వేలు ఆడిస్తున్నాడు. ఎప్పుడూ చెప్పే తియ్యటి జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఇక్కడ వెయ్యట్లేదమ్మా. లోపలికెళ్ళాలంటేనే భయం. ఇంటికెళ్ళాలన్నా అంతే."