ఏడో అంతస్తు జబ్బులు

హైటెక్ సిటీలో ఆ అద్దాల మేడ ఏడో అంతస్తును రోజూ పొద్దున్నే చంద్రమ్మ తుడుస్తుంది. ముందు క్యాబిన్లు, తర్వాత కంప్యూటర్ల వరసలు, ఆఖరున ప్యాంట్రీ. ప్యాంట్రీలో చక్కెర డబ్బా పక్కన కూర్చునే షుగరు జబ్బు దగ్గరికి వచ్చేసరికి, "జర కాళ్లు మీదికి వెట్టుకో" అంటుంది. అది పెట్టుకుంటుంది. చంద్రమ్మ కింద తడిగుడ్డ లాగి ముందుకు పోతుంది. లిఫ్టు దగ్గర నిలబడే దగ్గు, తడి నేల తొక్కకుండా తనే పక్కకి జరుగుతుంది. ఆ అంతస్తులో మనుషులకన్నా జబ్బులే నయం. ఒక్కటీ టీ తాగిన కప్పును కుర్చీ కింద వదిలేసి పోదు.

అవి ఎలా వచ్చాయో చెప్పుకోవాలంటే ఆ కంపెనీ చేసే పని చెప్పుకోవాలి. అమెరికా క్లినిక్కుల్లో డాక్టర్లు రాసిన చార్టులు ఇక్కడికొస్తాయి. కోడింగు పిల్లలు వాటిని చదివి ఒక్కో జబ్బుకి ఒక్కో కోడు తగిలిస్తారు. అక్కడి పేషెంటుకు ఎన్ని జబ్బులుంటే బీమావాళ్లు ఆ క్లినిక్కుకి అంత ముట్టజెబుతారు. ఇంక చెప్పాలా? ఎద్దు ఈనిందంటే దూడను కొట్టంలో కట్టెయ్యమన్నట్టు, పైవాళ్లు ఉందంటే కిందివాళ్లు కోడు వేసేశారు. పాపం, ఎవరి ఒంట్లోనూ లేని జబ్బు ఎక్కడికి పోతుంది? పుట్టినచోటికే వచ్చి కూర్చుంటుంది. హెచ్చార్ వాళ్లు వాటికి విజిటర్ కార్డులు ఇచ్చి మెళ్లో వేసుకోమన్నారు. అంతటితో తమ బాధ్యత తీరిందని చేతులు దులుపుకున్నారు.

ఇలాంటివి జరగకుండా చూడ్డానికే కంప్లయన్సు అని ఒక విభాగం ఉంది. అందులో అందరికన్నా సీనియర్ ఆడిటరు భూలక్ష్మి. హఫీజ్‌పేట మనిషి. బాలానగర్‌లో ఫ్యాక్టరీ కూలీలొచ్చే దవాఖానలో నర్సుగా మొదలై, పరీక్షలు పాసై కోడింగులోకొచ్చి, ఆడిటరై, చివరికి ఆడిటర్ల తప్పులు పట్టే ఆడిటరైంది. ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఇరవై ఏళ్లలో ఆమెకు జ్ఞానంతో పాటు తిరస్కారం కూడా పెరిగింది. మూడు నెలల కోర్సు చదివి, లివరు ఏ పక్కనుంటుందో గూగుల్లో చూసుకునే పిల్లల్ని చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. గోడ మీద 'నిజాయితీయే మా ఊపిరి' అని పెద్ద అక్షరాలతో రాయించి, దాని కిందే కోడింగు టార్గెట్లు అంటించిన సెంటర్ హెడ్ ఉదయ్ భాస్కర్‌ని చూస్తే ఇంకా మండేది.

ఆయన ఇక్కడికి రాకముందు క్రెడిట్ కార్డులు అమ్మేవాడు. జబ్బుల్ని కూడా అలాగే అమ్మాడు. ఏటా కంప్లయన్సు వారోత్సవం పెట్టి కేకు కోస్తాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం. చార్టు ఒక్కటీ ముట్టుకోడు. వారానికోసారి కోడింగు పిల్లల్ని నిలబెట్టి, "ఇంకా కొన్ని కండిషన్లు కనిపించాలండీ, బాగా వెతకండి" అంటాడు. కండిషన్లంటే జబ్బులే. వాళ్లు వెతికేవారు. ప్యాంట్రీలో ఇంకోటి వచ్చి కూర్చునేది.

భూలక్ష్మి డెస్కు కింద మాత్రం ఒక ముసలి మోకాలినొప్పి ఉండేది. అన్నిటికన్నా పాతది. మెళ్లో కార్డు మీది అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఏసీ ఎక్కువైన రోజున భూలక్ష్మి దాని మీద తన శాలువా కప్పేది. నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ మేడ మొత్తంలో ఆమెకు చిరాకు తెప్పించనిది అదొక్కటే.

కంప్లయన్సు డైరెక్టరుగా అంతకుముందు రామ్మోహనరావు గారుండేవారు. తెనాలివైపు మనిషి, నల్లగండ్లలో ఫ్లాటు. చార్టులన్నీ సవ్యంగా ఉన్నాయని ఏటా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేవారు. ఆయన రిటైరయ్యే రోజున ఉదయ్ భాస్కర్ అన్ని జబ్బుల్నీ మీటింగు హాల్లోకి పిలిపించి, ఒక్కోదాని ముందూ నిలబడి, "నువ్వు రావుగారి దానివే కదా?" అని అడిగాడు. మర్యాదగల జబ్బులు కదా, తలలూపాయి. సాయంత్రం ఆయన పూలదండతో లిఫ్టు ఎక్కితే వెనకాల అవన్నీ ఎక్కాయి. మోకాలినొప్పి మాత్రం తల ఊపలేదు. దానికి చెవుడని అందరూ అనుకున్నారు.

అప్పట్నించి డైరెక్టరు కుర్చీ ఖాళీ. సంతకం పెట్టినవాళ్ల వెంట జబ్బులు పోతాయని ఊరంతా పాకింది. ఇంటర్వ్యూకొచ్చినవాళ్లు ప్యాంట్రీలోకి తొంగి చూసి, హెల్త్ ఇన్సూరెన్సు ఎంతిస్తారని అడిగి వెళ్లిపోయేవారు. ఈలోగా అంతస్తు మళ్లీ నిండింది. బీపీలు కిటికీల దగ్గర, ఆయాసాలు మెట్ల మీద, గుండెజబ్బు ఒకటి ఫోటోకాపీ మెషీన్ పక్కన.

ఆ సంవత్సరం సర్టిఫికెట్ గడువు దగ్గరపడ్డాక ఉదయ్ భాస్కర్ భూలక్ష్మిని క్యాబిన్‌లోకి పిలిచాడు. ఆమె అనుభవాన్ని పొగిడాడు, నిబద్ధతను పొగిడాడు, చీరను కూడా పొగిడాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. శుక్రవారం సంతకం పెడితే సోమవారం నుంచి ఆ కుర్చీ ఆమెది. పెట్టకపోతే బెంగళూరు నుంచి ఎవరో కుర్రాణ్ణి తెస్తారు, ఆమె అతని కింద పనిచేయాలి.

ఆ కుర్చీ మీద భూలక్ష్మికి ఆశ లేదంటే అది పచ్చి అబద్ధం. బాలానగర్ దవాఖానలో బెడ్‌ప్యాన్లు మోసిన నాటినుంచి ఆమె నడిచిందంతా అటువైపే. తను దిద్దిన పిల్లలే తన నెత్తిన ఎక్కి కూర్చుంటుంటే ఓర్చుకుంది కూడా ఆ కుర్చీ కోసమే. ఆ రోజు ఇంటికి పోయి భర్త నరేందర్‌తో చెప్పింది. ఆయన లేత్ మిషన్ పనిచేసే మనిషి, మాట కూడా కోసినట్టే ఉంటుంది. తాను దూర సందు లేదు మెడకో డోలన్నట్టు, ఉన్న రెండు రూముల్లో గన్ని జబ్బుల్ని ఏడ పండబెడ్తవని అడిగి అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు ఆఫీసుకు పోయేముందు ఆమె నల్లగండ్లలో దిగింది. రామ్మోహనరావు గారు బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్లంతా రోగాలే, రిపోర్టుల్లో మాత్రం ఏమీ లేదు. ఆయన్ని చూసినా ఆమెకు జాలికన్నా కోపమే ముందొచ్చింది. చదవకుండా సంతకాలు పెట్టమని ఎవరన్నారు?

"ఒకటి మాత్రం అర్థం కాదమ్మా," అన్నారాయన దగ్గు ఆపుకుంటూ. "ఇన్నాళ్లయినా వీటికి ఈ ఇల్లు కొత్తే. రోజూ పొద్దున్నే తయారై, ఆఫీసుకి ఎప్పుడు వెళ్దామని అడుగుతాయండి, పాపం."

భూలక్ష్మి బస్సులో కూర్చున్నాక కూడా ఆ మాట వదల్లేదు. గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడు ఆమెకు తట్టింది, తట్టగానే గట్టిగా నవ్వొచ్చింది. తమ విద్యలో మొదటి పాఠం ఏంటి? చార్టులో అనుమానం వస్తే డాక్టర్ని అడగాలి, దాన్నే క్వెరీ అంటారు. కానీ జవాబును నోట్లో పెట్టి అడగకూడదు. 'పేషెంటుకు షుగరుంది కదా?' అంటే తప్పు. 'పేషెంటుకు ఏముంది?' అనాలి. ఈ ముక్క తప్పినందుకు తను ఎంతమంది పిల్లల్ని ఏడిపించింది! మరి ఆ రోజు హాల్లో ఇంతమంది ఆడిటర్లుండి, ఉదయ్ భాస్కర్ నోట్లో జవాబు పెట్టి అడుగుతుంటే ఒక్కరికీ చీమ కుట్టినట్టయినా లేదు. తను కూడా అక్కడే నిలబడి కేకు తింది. థూ అనుకుంది, తనని కూడా కలుపుకుని.

శుక్రవారం మధ్యాహ్నం మీటింగు హాలు నిండింది. ఒక పక్క ఉద్యోగులు, ఒక పక్క కార్డులు వేసుకున్న జబ్బులు. బల్ల మీద సర్టిఫికెట్, పెన్ను, కేకు. ఉదయ్ భాస్కర్ గొంతు సవరించుకుని షుగరు జబ్బు ముందు నిలబడి, "నువ్వు భూలక్ష్మి మేడమ్ గారి..." అని మొదలుపెట్టాడు.

"ఆగుండ్రి సార్," అంది భూలక్ష్మి. "క్వెరీ అడిగేది ఆడిటరు. మీరు గాదు."

ఆయన నవ్వి పక్కకి తప్పుకున్నాడు. ఎవరడిగితే ఏమిటన్న ధీమా.

ఆమె జబ్బుల ముందు నిలబడి, పేషెంట్లతో మాట్లాడే గొంతుతో మెల్లగా అడిగింది. "మిమ్మల్ని ఎవరు పిలిచిన్రు?"

అంతే అడిగింది. పేరు చెప్పలేదు, కన్నుతో కూడా ఎటూ చూపించలేదు. జబ్బులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఇన్నేళ్లలో వాటిని ఆ మాట అడిగినవాళ్లు లేరు. ముందు దగ్గు లేచింది. తర్వాత షుగరు, బీపీలు, ఆయాసాలు. వరస తప్పకుండా నడిచి ఉదయ్ భాస్కర్ చుట్టూ నిలబడ్డాయి.

"నేను చార్టు ముట్టుకోలేదండీ, ఒక్క చార్టు కూడా," అన్నాడాయన. ఆ మాట పూర్తికాకముందే దగ్గొచ్చింది. కోడింగు పిల్లలు కేకు వైపు చూస్తూ నిలబడ్డారు. గుండెజబ్బు కుర్చీ లాగి ఇస్తే ఆయన కూర్చున్నాడు.

భూలక్ష్మికి కడుపు నిండినట్టయింది. సర్టిఫికెట్ తీసి రెండు ముక్కలు చేసింది. అప్పుడు తలుపు దగ్గర ఎముక కిరకిరలాడిన చప్పుడైంది. ముసలి మోకాలినొప్పి డెస్కు కిందనుంచి లేచి, శాలువా ఈడ్చుకుంటూ హాల్లోకి వస్తోంది. నీ సారు అక్కడున్నాడు పోవే అని ఎవరో దారిచ్చారు. అది ఉదయ్ భాస్కర్‌ని దాటింది. తిన్నగా వచ్చి భూలక్ష్మి పాదాల దగ్గర కూర్చుని, తల ఎత్తి చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఉద్యోగం పర్మనెంటు చేసే వారం, టార్గెట్‌కి ఒక్కటి తక్కువ. ఎవరో ముసలమ్మ చార్టులో డాక్టరు 'కాలు' అని మాత్రం రాసి వదిలేశాడు. క్వెరీ పంపితే జవాబు రావడానికి రోజులు పడుతుంది. మోకాలి అరుగుదల అని కోడు వేసేసి చాయ్ తాగడానికి పోయింది. ఎంత చిన్న సంగతంటే, మళ్లీ ఒక్కసారి కూడా తలుచుకోలేదు. ఆ నొప్పే ఇన్నేళ్లూ పేరు చెప్పకుండా ఆమె కాళ్ల దగ్గర పడుంది, ఆమె శాలువా కప్పుకుని. ఆ ముసలమ్మ పోయి ఎంత కాలమైందో, ఇప్పుడు దిద్దడానికి ఆ చార్టు కూడా లేదు.

హాలంతా ఆమెనే చూస్తోంది. తను ఎప్పుడూ వాళ్లని చూసినట్టే చూస్తోంది. కాదనొచ్చు. మర్యాదగల జబ్బు, కాదంటే వెళ్లిపోయేది.

"రా," అంది భూలక్ష్మి. ఎడమకాలు కొంచెం ముందుకు జరిపింది.

ఆదివారం ఆమె నల్లగండ్ల పోయి అక్కడి జబ్బుల్ని కూడా అదే మాట అడిగింది. అవి రావుగారికి దణ్ణం పెట్టి, వరసగా బస్టాపుకి నడిచాయి. ఉదయ్ భాస్కర్ సెలవు పెట్టాడు. మంచంలోంచే రోజూ ఫోన్లు, ఆ తప్పు కోడ్లు త్వరగా తీయించండి అని. ఒక్కో కోడు తీసినప్పుడల్లా ఒక్కో జబ్బు సెలవు తీసుకుంటుంది మరి. ఇన్నేళ్లకి ఆయనకి కంప్లయన్సు మీద భక్తి కుదిరింది. బెంగళూరు కుర్రాడు సంగతంతా విని రానన్నాడు. పైవాళ్లకి వేరే గతిలేక కుర్చీని భూలక్ష్మికే ఇచ్చారు.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం పొద్దున్నే ఆమె కుంటుకుంటూ వచ్చి అందులో కూర్చుంది. చంద్రమ్మ తుడుచుకుంటూ క్యాబిన్‌లోకొచ్చి, అందరితో అనే మాటే ఆమెతోనూ అంది. "జర కాళ్లు మీదికి వెట్టుకో మేడం."

భూలక్ష్మి కుడికాలు ఎత్తింది. ఎడమది లేవలేదు. చంద్రమ్మ దాని చుట్టూ తుడిచి ముందుకు పోయింది.