కొళాయి పక్క ముక్క

నేరం జరిగిన చోటు కొళాయి పక్కనే.

పెరడంతా పచ్చగా ఉంది. నర్సరీ వాళ్లు చాపల్లా చుట్టి తెచ్చిన గడ్డిని అల్లుడు స్వయంగా పరిచాడు. అంచుకు అంచు ఆనించాడు, రోలరు దొర్లించాడు, రెండు పూటలా తడిపాడు. వేరు పట్టేదాకా ఎవరూ గడ్డి మీద కాలు పెట్టకూడదని ఇంటిల్లిపాదికీ హుకుం జారీచేశాడు. అయినా కొళాయి పక్క ముక్క పాలిపోతోంది. దాని మూల రోజూ కాస్త లేచి ఉంటోంది.

అనుమానం ఒక్కరి మీదే: మామగారు. పెరడు సిమెంటు చేయించి కారు పెట్టుకోవాలని ఆయన పంతం. ఆదివారం తానే లాగి చూస్తానని, గడ్డి చేతికి ఊడొస్తే మేస్త్రీని పిలుస్తానని తేల్చి చెప్పేశారు కూడా.

శనివారం తెల్లవారకముందే అల్లుడు నీళ్ల డ్రమ్ము వెనక నక్కాడు. దోమలు విందు చేసుకున్నాయి. వెనక తలుపు కిర్రుమంది. మామగారు పిల్లిలా వచ్చి, అటూ ఇటూ చూసి, కొళాయి గట్టు మీద నుంచే వంగి ఆ మూల ఎత్తారు.

"ఇంకా వేరు పట్టలేదుటే, మొండిదానా?" అని గొణిగి, చెంబెడు నీళ్లు పోసి, అరచేత్తో అదిమి వెళ్లిపోయారు.

అల్లుడు నోరెళ్లబెట్టాడు. శత్రువు నీళ్లు పోయడమేమిటి?

ఆయన అటు వెళ్లారో లేదో, అల్లుడి భార్య వచ్చింది. అదే గట్టు. అదే మూల.

"దొరికావు!" అంటూ అల్లుడు పైకి లేచాడు.

ఆమె ఉలిక్కిపడనైనా లేదు. "దొంగ మొహం మీరే పెట్టుకుని నన్నంటారేం? రోజూ సాయంత్రం దీన్ని ఎత్తి చూసే మహానుభావుడెవరో వంటింటి కిటికీకి బాగా తెలుసు."

"నేను మెల్లగా ఎత్తుతాను."

"మేమూ మెల్లగానే ఎత్తుతాం. గడ్డి తొక్కకుండా చేతికందేది ఇదొక్కటే కదండీ!"

ఆదివారం మామగారు చొక్కా చేతులు మడిచి పెరట్లోకి దిగారు. నేరుగా కొళాయి వైపు నడిచారు. ఆ ముక్క పట్టుకుని లాగితే ఇక సిమెంటే!

మామగారు ఆ ముక్క దగ్గర ఆగి, గొంతు సవరించుకున్నారు. "దీన్ని వదిలేద్దాం అల్లుడూ. పాపం, దానికి ఒంట్లో బాగాలేదు."

నడి పెరట్లోకి వెళ్లి, రెండు చేతులా గడ్డి పట్టుకుని లాగారు. రాలేదు. పళ్లు బిగించి మళ్లీ లాగారు. పట్టు జారి వెనక్కి చతికిలబడ్డారు. అల్లుడు పరుగెత్తాడు. ఆయన లేవలేదు. అరచేత్తో గడ్డి నిమురుతూ కూర్చున్నారు.

"చల్లగా ఉందోయ్."

"మరి మేస్త్రీని పిలవమంటావా నాన్నా?" కూతురు గుమ్మంలోంచి అడిగింది.

"అతనికి వేరే పనుల్లేవా ఏం? ముందు నన్ను లేపండి."

మర్నాడు కొళాయి పక్కన కొత్త ముక్క పరిచారు. సాయంత్రానికల్లా మామా అల్లుళ్లిద్దరూ గట్టు మీద తేలారు.

"ఒక్కసారి, పైపైన చూద్దామా?" అన్నారు మామగారు.

అల్లుడి చెయ్యి అప్పటికే ముందుకు సాగింది. కూతురు నీళ్ల గొట్టం ఇద్దరి వైపూ తిప్పింది.